గుంటూరు వచ్చేద్దామా: ఇద్దరిలో ఒకరిదే ఈ ఊరు అయినప్పుడు ఏం చేయాలి

ఈ మాట చాలా ఇళ్ళలో సంక్రాంతి సెలవుల్లోనే పుడుతుంది. వాతావరణం చల్లగా ఉంటుంది, చుట్టాలంతా ఒకచోట చేరతారు, అరిసెలు, ముగ్గులు, అమ్మ చేతి గోంగూర, ఆ మూడు వారాలూ మీతో ఎవరూ కరెంటు బిల్లు గురించి గానీ ఆస్తి పంపకాల గురించి గానీ మాట్లాడరు, దాంతో తిరుగు ప్రయాణంలో ఒకరు "ఇక్కడికే వచ్చేస్తే పోలా?" అంటారు, పక్కనున్నవాళ్ళు ఏమీ అనరు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే అని లెక్కేసుకోకండి. మీ ఇద్దరిలో ఒకరిది గుంటూరో విజయవాడో అయి, రెండోవాళ్ళు వేరే దేశంలో పుట్టి పెరిగినవాళ్ళయితే ఇది మీకోసమే. నాది గుంటూరు, మావారిది అమెరికా, కాబట్టి అటువైపు ఉదాహరణలన్నీ అమెరికావే. ఇంకో దేశమైతే అక్కడి రూల్స్ మీరు చూసుకోవాలి, ఇండియా వైపు పని మాత్రం దాదాపు అందరికీ ఒకటే.

ముందు కాగితం, పెన్ను

ఎందుకు రావాలనుకుంటున్నారో ఎవరికి వాళ్ళు విడిగా రాసుకుని, తర్వాత కాగితాలు మార్చుకుని చదవండి. నోటితో మాట్లాడుకుంటే ఈ ఊరివాళ్ళు ఉత్సాహంగా చెప్పుకుపోతారు, అవతలివాళ్ళు మొహమాటానికి తలూపుతారు. రాస్తే మాత్రం "అక్కడ నాకు పనేముంటుంది?" లాంటి అసలు భయాలు బయటికొస్తాయి. మీకిది ఇల్లు చేరడం. వాళ్ళకి వలస రావడం. కింద చెప్పేవన్నీ ఈ తేడా చుట్టూ తిరిగేవే.

"అమ్మానాన్నల కోసం" అనేది మీ కారణమైతే ముందు వాళ్ళనే అడగండి. "మీరొస్తే అంతకంటేనా" అంటారు, దాన్ని జవాబుగా తీసుకోకండి. పొద్దున్నే వాకింగ్, గుడి, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం సీరియల్ అని వాళ్ళ రోజుకో లెక్క ఉంటుంది, మనం పిల్లాజెల్లాతో దిగితే డెబ్భై ఏళ్ళ ఆవిడే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడాల్సి వస్తుంది. వాళ్ళకి నిజంగా కావాల్సింది అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషా, పగలు తోడుండే ఆయానా, లేక మీరు కళ్ళముందు ఉండటమా? మొదటి రెండిటికీ దేశం మారకుండానే దారులున్నాయి.

అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఉంటే ఆస్తి సంగతి రాకముందే నోరు తెరిచి మాట్లాడండి. లేకపోతే ఏదో ఒక పెళ్ళిలో ఎవరో ఒకరు "ఇల్లు రాయించుకోవడానికొచ్చి కూర్చున్నారు" అననే అంటారు, ఆ మాట తెలుగు రాని మీ భర్తకి కూడా అర్థమవుతుంది.

మే నెలలో రండి

పండక్కి వచ్చి చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుండే మే నెలలో రండి, కృష్ణ ఒడ్డున ఉక్కపోత అదనం. అమ్మావాళ్ళింట్లో దిగకుండా ఫ్లాటు అద్దెకు తీసుకుని ఒక నెలైనా ఉండండి. ఆ నెలలో, ఊరు కొత్తవాళ్ళు మీ సాయం లేకుండా కొన్ని పనులు చేసి చూడాలి: ఆటో మాట్లాడుకుని బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం వెళ్ళడం, రైతుబజారు నుంచి కూరలు తేవడం, నీళ్ళు రావట్లేదని వాచ్‌మన్‌కి చెప్పడం, పిల్లకి జ్వరమొస్తే డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చోవడం. బాగా చేస్తారా లేదా అన్నది పక్కన పెట్టండి, సాయంత్రం ఇంటికొచ్చాక నవ్వుతూ చెబుతున్నారా, చెప్పకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంటున్నారా అది గమనించండి.

కాగితాల పని, ఇది తొందరగా తేలదు

విదేశీ పౌరులైన భార్యకో భర్తకో రెండు దారులున్నాయి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు మేలైనది, జీవితకాలం చెల్లుతుంది, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పెళ్ళి ద్వారా ఓసీఐ రావాలంటే ఆ పెళ్ళి రిజిస్టరై ఉండాలి, దరఖాస్తు చేసేనాటికి కనీసం రెండేళ్ళు నిండాలి. గుడిలో చేసుకున్న పెళ్ళి ఫొటోలు, శుభలేఖ సరిపోవు. పెళ్ళి అన్నవరంలో అయినా అట్లాంటాలో అయినా సర్టిఫికెట్ కావాలి, అమెరికా సర్టిఫికెట్ అయితే ఆ రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించుకోండి, ఇండియా ఆ అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచీ ఉంది. భార్యాభర్తల ఓసీఐ దరఖాస్తుకి సెక్యూరిటీ వెరిఫికేషన్ కూడా ఉంటుంది కాబట్టి టికెట్లు కొన్నాక మొదలుపెట్టే పని కాదిది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళకి ఓసీఐ రాదు.

పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే ఎక్స్ వీసా (ఎంట్రీ వీసా). 180 రోజులకి మించిన వీసా మీద వస్తే దిగిన 14 రోజుల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) దగ్గర ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకోవాలి. దీని మీద ఉన్నంతకాలం ఉద్యోగం చేయొచ్చని అనుకోకండి. టూరిస్టు వీసా మీద దిగిపోయి ఇక్కడ ఓసీఐకి పెట్టుకుందామనే సలహా మీ మేనమామ ఇస్తాడు, ఆ వీసా మీద ఉండి ఇక్కడ ఓసీఐకి దరఖాస్తు చేయడం కుదరదు.

మనవాళ్ళ దగ్గర పేర్ల గొడవ ఒకటుంది. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళి సర్టిఫికెట్లో వెనకాముందు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లో అమ్మపేరుకి నాన్న ఇంటిపేరు తగిలించి ఉంటుంది. అన్నీ ఒక టేబుల్ మీద పరిచి, అక్షరం అక్షరం పోల్చి చూసి, ఎక్కడ తేడా ఉందో ముందే సరిచేయించండి. విసుగు పనే గానీ, దరఖాస్తు వెనక్కి రావడానికి ఉండే మామూలు కారణాల్లో ఇదొకటి.

పెళ్ళి ద్వారా ఓసీఐ వచ్చినవాళ్ళు కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడల్లా మూడు నెలల్లో ఆ పాస్‌పోర్టు, ఫొటో, పెళ్ళి ఇంకా నిలిచే ఉందన్న డిక్లరేషన్ అప్‌లోడ్ చేయాలి. విడాకులైతే ఆ కార్డు రద్దు చేయొచ్చని చట్టంలోనే ఉంది. వినడానికి అపశకునంలా అనిపించినా ఇద్దరూ కూర్చుని మాట్లాడాల్సిన సంగతి ఇది, ఎందుకంటే ఇక్కడ ఉండే హక్కు ఒకరికి పుట్టుకతో వచ్చింది, రెండోవాళ్ళది పెళ్ళి మీద ఆధారపడి ఉంది. అది తెలిసి రావడం వేరు, వచ్చాక తెలియడం వేరు.

ఈ ఊరివాళ్ళు కూడా అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మీరూ ఓసీఐ మీదే రావాలి, ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అప్పుడు ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా వస్తే ఫర్వాలేదు. రాగానే ఎవరో ఒకరు "రెండెకరాలు చూసిపెట్టాం, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అంటారు కాబట్టి చెబుతున్నా, ఇవ్వకండి.

వెనక్కి వెళ్ళే దారి వచ్చేముందే వేసుకోండి

ఈ మాట ఎత్తితే ఇళ్ళల్లో "రాకముందే పోవడం గురించేంటి" అంటారు. అననివ్వండి. తిరిగి వెళ్ళగలమనే ధైర్యం ఉంటేనే కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ కుదురుగా ఉండగలుగుతారు, దారి మూసుకుపోయిందంటే ప్రతి పవర్ కట్టూ జైలులా అనిపిస్తుంది.

మీది ఇండియన్ పాస్‌పోర్టు, చేతిలో గ్రీన్ కార్డు ఉందనుకోండి. ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే ఆ కార్డుతో తిరిగి వెళ్ళడం కష్టం, దానికి రీ-ఎంట్రీ పర్మిట్ కావాలి, అది ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళకిస్తారు, దరఖాస్తు మాత్రం మీరు అమెరికాలో ఉండగానే చేయాలి. గుంటూరు వచ్చి కూర్చుని చేయడం కుదరదు. ఆర్నెల్లకోసారి వెళ్ళి మొహం చూపించి వస్తే చాలనేది కూడా గట్టి లెక్క కాదు, మీ కాపురం ఎక్కడుందో వాళ్ళు అదే చూస్తారు.

కార్డు పోయాక మళ్ళీ వెళ్ళాలంటే మీ భార్యో భర్తో మొదటి నుంచీ పిటిషన్ వేయాలి, పైగా స్పాన్సర్ చేసేవాళ్ళు అమెరికాలో నివాసం, తగినంత ఆదాయం చూపించాలి. ఇద్దరూ నాలుగేళ్ళుగా విజయవాడలో ఉంటే అవి చూపించడం ఎంత తలనొప్పో ఊహించుకోండి. అమెరికా పౌరుల్ని పెళ్ళాడి కలిసి ఉంటున్నవాళ్ళకి గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్ళకి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ మూడేళ్ళకి కొద్ది నెలలే తక్కువైతే నా మటుకు ఆగి పౌరసత్వం తీసుకుని రమ్మంటాను. పొలం మీద మమకారం ఉన్నవాళ్ళు వేరేగా ఆలోచిస్తారు, అది మీ ఇంటి లెక్క.

దీనితోపాటు ఇంటిల్లిపాదికీ తిరుగు టికెట్లు, అక్కడ ఆర్నెల్ల అద్దె సరిపోయే డబ్బు అక్కడి బ్యాంకులోనే, ఊరు కొత్తవాళ్ళ పేరు మీద ఉంచండి. ఇక్కడ ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి తక్కువైందని దాన్ని ముట్టుకోకండి.

డబ్బు, పన్ను

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. అక్టోబరు సగం దాటాక దిగితే ఆ ఏడాది ఇక్కడ 182 రోజులు నిండవు, అంతకుముందు నాలుగేళ్ళలో మీ సెలవులన్నీ కలిపి 365 రోజులు దాటకపోతే ఆ ఏడాదికి పన్ను లెక్కలో సాధారణంగా మీరు నాన్ రెసిడెంటే, అంటే ఇక్కడ నివాసం లేనివాళ్ళే. ఆ తర్వాత కూడా వెనకటి పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంట్ అయినా, వెనకటి ఏడేళ్ళలో ఇక్కడున్నది 729 రోజులకి మించకపోయినా ఆర్‌ఎన్‌ఓఆర్ అనే మధ్యరకం హోదా వస్తుంది, చాలామందికి రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళు. అప్పటిదాకా అమెరికాలో వచ్చే అద్దెలు, డివిడెండ్ల మీద ఇక్కడ పన్ను పడదు. అమ్మాల్సిన షేర్లు, ఇల్లు ఏమైనా ఉంటే ఈ గడువు అయిపోకముందే ఆలోచించండి.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. అమెరికా కంపెనీకి విజయవాడ పటమట ఫ్లాట్లో కూర్చుని పని చేస్తే ఆ జీతం ఇండియాలో సంపాదించినట్టే, డబ్బు అక్కడి బ్యాంకులో పడ్డా సరే, ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా దాన్ని కాపాడదు. అదే అమెరికా పౌరులు సొంతంగా ఫ్రీలాన్స్ చేస్తే, ఇక్కడి పన్నుతోపాటు అక్కడ 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా కట్టాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ పన్ను వెళ్ళే సోషల్ సెక్యూరిటీ (అక్కడి పింఛను పథకం) మీద రెండు దేశాలకీ ఒప్పందం లేదు.

అమెరికా పౌరులు ఎక్కడున్నా ఏటా అక్కడ రిటర్న్ వేయాలి, బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అదీ విడిగా చెప్పాలి. అత్తగారితో జాయింట్ ఖాతా ఉన్నా లెక్కలోకి వస్తుంది. బ్యాంకులో పనిచేసే బాబాయ్ మ్యూచువల్ ఫండ్ ఫారాలు పట్టుకొస్తే అమెరికా పౌరులతో సంతకం పెట్టించకండి, అక్కడ ఈ ఫండ్ల మీద పన్ను లెక్క చాలా ఘోరంగా ఉంటుంది. ఇద్దరూ ఇక్కడ పూర్తి రెసిడెంట్లయ్యాక విదేశీ ఆస్తులన్నీ ఇండియా రిటర్న్‌లో చూపించాలి, దాచితే 10 లక్షల దాకా జరిమానా ఉంది. విదేశాల్లో ఉన్నప్పుడు ఇక్కడి బ్యాంకులో తెరిచిన ఎన్‌ఆర్‌ఈ ఖాతాల్ని వచ్చేశాక రెసిడెంట్ ఖాతాలుగానో ఆర్‌ఎఫ్‌సీ (విదేశీ కరెన్సీలో ఉంచుకునే రెసిడెంట్ ఖాతా) గానో మార్పించుకోవాలి. రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏని పట్టుకోండి, మీ నాన్నగారి పాత ఆడిటర్ ఎంత మంచివాడైనా ఈ పనికి సరిపోకపోవచ్చు.

ఇల్లు: తాళం మీదే ఉండాలి

అమ్మావాళ్ళ ఇంట్లోనే ఉంటామంటే వద్దనే చెబుతాను. అదే అపార్ట్‌మెంట్లో వేరే ఫ్లోర్ అయినా ఫర్వాలేదు, తలుపు వేరుగా ఉండాలి. చుట్టాలు ఫోన్ చేయకుండా వస్తారు, నేరుగా బెడ్‌రూమ్‌దాకా వచ్చేస్తారు, వాళ్ళ లెక్కలో అది చనువు. బయటినుంచి వచ్చినవాళ్ళకి మాత్రం ఊపిరాడదు. భర్తది పరదేశం అయితే ఇంకో వరస, "ఇల్లరికం అల్లుడు" అని సరదాగానే అంటుంటారు, మొదటి పదిసార్లు నవ్వొస్తుంది.

విజయవాడలో ఇల్లు చూస్తుంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. బ్రోకర్ని అడగొద్దు, కింది ఫ్లోర్లో అద్దెకుండేవాళ్ళనో ఎదురుగా కిరాణా కొట్టువాళ్ళనో అడగండి, సింగ్‌నగర్ వైపు వాళ్ళయితే గోడ మీద మరక చూపించి మరీ చెబుతారు. తాడేపల్లి, మంగళగిరి వైపు చూస్తే రెండు ఊళ్ళకీ మధ్యలో ఉంటారు, ఎయిమ్స్ దగ్గర. అయితే బజారుకి నడిచి వెళ్ళగలిగే చోటు చూడండి, హైవే పక్క గేటెడ్ కాలనీలో కారు నడపలేనివాళ్ళు బందీలే. హెల్త్ ఇన్సూరెన్స్ అందరికీ రాగానే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ ఉండొచ్చు.

పిల్లలు

చిన్నపిల్లలైతే తెలుగు ఆర్నెల్లలో పట్టేస్తారు, వాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు. తొమ్మిది, పది తరగతుల్లో దింపితే మాత్రం ఇక్కడి ఇంటర్ రుద్దుడు వాళ్ళకి నరకం. డాక్టర్ చదివిద్దామనే ఆలోచన ఉంటే ఒక సంగతి ముందే తెలుసుకోండి: 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం, దాని తర్వాత ఓసీఐ కార్డు వచ్చిన పిల్లలు నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఎన్ఆర్ఐ సీట్లకో అదనంగా సృష్టించిన సీట్లకో మాత్రమే అర్హులు. మామూలు కన్వీనర్ సీటు ఫీజు అనుకుని లెక్కలేసుకోవద్దు.

ఇంకోటి, ఎవరూ పైకి అనరు. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్ళిపోయినప్పుడు వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. రేపు కాపురం చెడితే, పిల్లలు ఎక్కడ ఉండాలో ఇక్కడి కోర్టు పిల్లల బాగు చూసి తేలుస్తుంది, అక్కడి కోర్టు ఆర్డరు దానంతటదే ఇక్కడ అమలైపోదు. పరదేశం నుంచి వచ్చే తల్లికో తండ్రికో ఇది పెద్ద రిస్కు. వాళ్ళు బయల్దేరకముందు తమ సొంత లాయరుతో, మీరు లేకుండా, ఒకసారి మాట్లాడుకోనివ్వండి. దానికి ఉడుక్కోకండి.

వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు

మొదటి నెలలోనే ఊరు కొత్తవాళ్ళ పేరు మీద సిమ్, పాన్, బ్యాంకు ఖాతా, యూపీఐ. ఆధార్ రావాలంటే వెనకటి ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండాలి కాబట్టి అది తర్వాత. యూపీఐ గురించి ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, అరండల్‌పేటలో టీ బండి దగ్గర నిలబడి, ఇరవై రూపాయల కోసం ఐదొందల నోటు తీస్తే బండాయన చిల్లర లేదంటాడు, అప్పుడు నలభై ఏళ్ళ మనిషి పెళ్ళానికి ఫోన్ చేసి స్కానర్ ఫొటో పంపించి డబ్బులు కొట్టమనాలి. రోజుకి నాలుగుసార్లు ఇదే జరిగితే ఎంత సహనం ఉన్నవాళ్ళయినా చిరాకుపడతారు.

డ్రైవింగ్‌కి ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదే పనిచేస్తుంది, ఈలోగా ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలి. ముందు కొన్నాళ్ళు ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద, స్కూటీతో. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ సంగతి తర్వాత చూద్దాం.

పని విషయం. ఓసీఐతో ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, జర్నలిజం, రీసెర్చ్, మత ప్రచారం లాంటి వాటికి మాత్రం విడిగా అనుమతి కావాలి. ఇక్కడ అవకాశాలు హైదరాబాద్ అంత ఉండవు, అమరావతి వైపు ప్రైవేటు యూనివర్సిటీలు, కొన్ని స్కూళ్ళు, మిగతాదంతా రిమోట్ పనే. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే చలికాలంలో మనకి రాత్రి ఏడున్నర, తెల్లవారుజామున మూడున్నరకి పని అవుతుంది, ఆరున్నరకి పనమ్మాయి బెల్లు కొడుతుంది. బెల్లు ఎవరు తీస్తారో ముందే మాట్లాడుకోండి, నేను జోక్ చేయట్లేదు.

ఇంకా, పేరు పెట్టి పిలిచే మనుషులు కావాలి. మనవాళ్ళు మర్యాద కొద్దీ "అల్లుడుగారు", "కోడలుపిల్ల" అంటారు, అలా ఏడాది గడిస్తే ఊళ్ళో వాళ్ళ పేరు తెలిసినవాళ్ళే ఉండరు. చుట్టాలు కానివాళ్ళతో, ఒక బ్యాడ్మింటన్ కోర్టో సంగీతం క్లాసో చూసి చేర్పించండి.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అక్కడిది 120 వోల్టులు, ఇక్కడిది 230, మోటారు ఉన్న వంటింటి సామానంతా అమ్మేసి రండి. పుస్తకాలు, పిల్లల బొమ్మలు, వాళ్ళ అమ్మగారు ఇచ్చిన వస్తువులు తప్పకుండా తెచ్చుకోండి, బరువైనా సరే.

ఆఖరిది, బయల్దేరేముందే ఒక తేదీ అనుకుని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఉందామా వెళ్దామా అని ఆ రోజు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవడానికి. ఆ రోజు మొదట మాట్లాడేది ఊరు కొత్తవాళ్ళు. పద్దెనిమిది నెలలకి పెట్టుకుంటే మంచిది, పండగల దగ్గర్లో వద్దు, రీ-ఎంట్రీ పర్మిట్ గడువు కనీసం నాలుగు నెలలైనా మిగిలి ఉండేలా చూసుకోండి.